గడ్డినేలల గాథ – 6: బండి యెక్కిన ప్రభుత్వము

గత భాగమున, కాన్సాస్ రాష్ట్రపు పడమటి గడ్డినేలలను సర్వేదారులు ఇనుపగొలుసులతో కొలిచి చదరంగపు పలకవలె గళ్ళుగా విడదీసిన విధమును, 1862వ సంవత్సరపు హోంస్టెడ్ చట్టముచే అయిదేండ్లు కాపురముండి సేద్యము చేసినవానికి 160 ఎకరముల నేల స్వంతమగు ఏర్పాటు కలిగిన తీరును, 1873లో హార్పర్, కొమాంచీ మున్నగు చోట్ల కొందఱు ఘనులు జనులే లేని నేలపై జనాభా పట్టికలు వ్రాసి, కౌంటీలను కాగితముమీద పుట్టించి, వాని పేర ఋణపత్రములను తూర్పు నగరములలో అమ్ముకొని మాయమైన వృత్తాంతమును చెప్పియుంటిమి. అచ్చట జనులు లేకుండ ప్రభుత్వ ముండెను. ఇప్పుడు చెప్పబోవు గ్రే కౌంటీలో జనులు నుండిరి, ప్రభుత్వమును ఉండెను. ఆ ప్రభుత్వము ఏ యూర నున్నదను ప్రశ్నకు మాత్రము ఏండ్ల తరబడి రెండు జవాబు లుండెను. ఆ రెండు జవాబులకును నడుమ దూరము ఆఱు మైళ్ళు.

రాష్ట్రమునకు నైరృతిదిక్కున, ఆర్కాన్సాస్ నదికి ఇరుప్రక్కల వ్యాపించిన దీ కౌంటీ. రాష్ట్ర వ్యవసాయ మండలికి కార్యదర్శిగా నుండిన ఆల్ఫ్రెడ్ గ్రే యనువాని పేర వెలసినది. (నది పేరు ఆర్కన్సా రాష్ట్రపు పేరే యైనను, కాన్సాస్ వారు దానిని తమ రాష్ట్రపు పేరు వినబడునట్లుగనే పలుకుదురు, ఆర్కన్సా యని పలికిన పరదేశిని వెంటనే సవరింతురు.) పూర్వము సాంటా ఫే బాటను బండ్లతో పోవు వర్తకులు ఇచ్చటనే నదిని దాటి, నీరు దొరకని యెడారి దారిలో సిమరాన్ నదివైపు సాగెడివారు. ఆ రేవునకు సిమరాన్ రేవని పేరు వచ్చెను. 1872లో సాంటా ఫే రైలుమార్గము డాడ్జ్ సిటీని దాటి కొలరాడో సరిహద్దువఱకు పోయిన పిమ్మట, రేవు దగ్గఱ వెలసిన ఊరికిని ఆ పేరే నిలిచెను. 1887 జూలైలో గ్రే కౌంటీ సంఘటితమైనపుడు గవర్నరు తాత్కాలిక కేంద్రముగా నిర్ణయించినది ఈ సిమరాన్ నే.

కౌంటీ యన నేమో ముందుగా చెప్పవలెను. విస్తీర్ణమున అది మన పూర్వపు తాలూకాకు దగ్గఱగా నుండును; అధికారమున మన జిల్లాకంటెను స్వతంత్రమైనది. పైనుండి పంపబడు కలెక్టరు అచ్చట లేడు. ముగ్గురు కమిషనర్లు, కౌంటీ గుమాస్తా, కోశాధికారి, దస్తావేజుల రిజిస్ట్రారు, షెరీఫు, న్యాయవాది, పాఠశాలల పర్యవేక్షకుడు, సర్వేయరు, తుదకు అపమృత్యువులను విచారించు కరోనరు సహితము ఆ కాలమున ఓట్లతో నెన్నుకొనబడెడివారే. పన్ను విధించుట, బాటలు వేయించుట, వంతెనలు కట్టించుట, దిక్కులేనివారిని పోషించుట, తోడేళ్ళను చంపి తెచ్చినవారికి బహుమాన మిచ్చుట, అన్నియు వీరి పనులై యుండెను. ఇంత ప్రభుత్వమును నడుపుటకు ఆనాడు ఒక అంగడి మేడమీద అద్దెకు తీసికొనిన రెండుమూడు గదులు చాలెడివి.

రాష్ట్ర రాజ్యాంగమున కౌంటీలనుగూర్చి రెండు నియమము లుండెను. 432 చదరపు మైళ్ళకంటె తక్కువ విస్తీర్ణము గల కౌంటీ యుండరాదు. ఓటర్లలో అధికసంఖ్యాకుల సమ్మతి లేనిదే కౌంటీ కేంద్రము మార్చరాదు. మొదటి నియమము లెక్కల పని. ఆఱు మైళ్ళకు ఆఱు మైళ్ళుగా కొలిచిన టౌన్‌షిప్పులు పండ్రెండు కలిసిన 432 అగును. రెండవ నియమము చదువుటకు న్యాయముగనే కనబడును గాని, ఎక్కువమంది సమ్మతిని డబ్బు పెట్టి కొనవచ్చునని దానిని వ్రాసినవారికి తోచినట్లు లేదు.

ఇక ఆ కౌంటీలో బ్రదికినవారి సంగతి. చెట్టు లేని దేశమున ఇల్లు కట్టుట యెట్లు? పచ్చికను వేళ్ళతో కూడ నాగలిచే మందమైన పెళ్ళలుగా చీల్చి, అడుగు వెడల్పున, మూడడుగుల పొడవున కోసి, ఇటుకలవలె పేర్చి గోడ లెత్తెడివారు. వేసవిలో చల్లగను శీతకాలమున వెచ్చగను ఉండు ఆ యింట వాన పట్టినపుడు మాత్రము కప్పునుండి బురద కారును; బయట వాన వెలిసిన పిమ్మటను ఇంటిలోపల చాలసేపు కురియుచునే యుండును. కట్టె లేదు గాన, మొదట అడవిదున్నల పేడను, అవి నశించిన పిమ్మట పశువుల పేడను, ఎండినదానిని గోనెలతో ఏఱి తెచ్చి పొయ్యిలో పెట్టెడివారు. పిడకల పొయ్యి యెఱిగిన మన యిల్లాండ్రకు ఇందు వింత లేదు. తూర్పు రాష్ట్రములనుండి వచ్చిన యిల్లాండ్రు మాత్రము మొదట పటకారుతోను, కొన్నాళ్ళకు చేతిగుడ్డతోను, తుదకు వట్టిచేతితోను వానిని పట్టుకొన నేర్చిరట. 1886 జనవరిలో వచ్చిన మంచుతుపానున పశువులు మందలు మందలుగా గడ్డకట్టి చచ్చెను. వసంతము రాగా బయలంతయు కళేబరములే. అయినను ఆ మఱుసటి యేడు క్రొత్తవారు రైళ్ళు నిండి దిగిరి. రెండేండ్లు వానలు బాగుగా కురిసియుండుటచే, నాగలి పోయినచోటికి వాన వెంట వచ్చునని భూములమ్మువారు చాటుచుండిరి; వచ్చినవారు నమ్మిరి.

ఈ జనులు కౌంటీకి ప్రజలైరి గాని పన్నుదారులు కాలేదు. అయిదేండ్ల గడువు తీరి, సాక్షులతో ఋజువు చేసికొని, ప్రభుత్వమునుండి పట్టా పుచ్చుకొనువఱకు హోంస్టెడ్ నేలపై కౌంటీకి భూమిపన్ను రాదు. కావున క్రొత్త కౌంటీ ఖజానాకు ఆధారము రైలుమార్గము, అంగళ్ళ సరకు, పశువుల లెక్క మాత్రమే. అది చాలక కమిషనర్లు ఋణపత్రములు వ్రాసిరి. జీతములకు బదులు హుండీవంటి చీట్లిచ్చిరి. ఆ చీట్లను షాహుకారు తఱుగు తీసికొనియే మార్చెడివాడు. గుమాస్తాకు జీతము చీటి రూపమున వచ్చును. ఆ చీటికి సరకు దొరకునో దొరకదో కౌంటీ కచేరి ఏ యూర నిలుచునో దానినిబట్టి యుండెను.

కచేరియున్న ఊరికి కలుగు లాభ మేపాటిదో మనవారికి వేఱుగ చెప్పనక్కఱ లేదు. పూర్వము తాలూకా కచేరి యొక ఊరినుండి మఱియొక ఊరికి మారినపుడు అచ్చటి ఇండ్ల అద్దె లేమయ్యెనో మనమును ఎఱుగుదుము. ఐనను గడ్డినేలలయందు ఆ లాభము వేయింతలు. మన యూళ్ళకు చెఱువు, గుడి, సంత, తాతల కాపురము కలవు. కచేరి పోయినను ఊరుండును. అచ్చటి యూరికి వెనుక నే చరిత్రయు లేదు. ఒక కంపెనీ నేల కొని, వీధులు గీసి, స్థలములు కొలిచి, చీట్లు అచ్చొత్తించిననాడు ఊరు పుట్టినది. కోర్టు కూడు వారమున జూరీలు, సాక్షులు, వకీళ్ళు వచ్చి హోటళ్ళు నిండును. పన్ను కట్టవచ్చిన రైతు నాగలి కఱ్ఱు కొనిపోవును. పట్టాకు ఋజువు చేసికొను ప్రతి రైతును ఆ సంగతిని పత్రికలో ప్రకటింపవలెనను నిబంధన ఉండుటచే, పిడికెడు జనము గల ఊళ్ళలోను రెండేసి పత్రికలు వెలసి, వచ్చిన ప్రకటనల డబ్బుతో ప్రక్కయూరిని తిట్టుటయే వృత్తిగా బ్రదికెను. కచేరి లేని ఊరికి ఇవి యేవియు లేవు. గోడలు విప్పి, కొయ్యయిండ్లను చక్రములమీద కెక్కించి, గెలిచిన యూరికి లాగుకొనిపోవుటయే దానికి గతి. అట్లు లాగుకొనిపోయిన యూళ్ళు పడమటి కాన్సాస్‌లో పెక్కులు.

సిమరాన్‌కు పడమట, అదే నదియొడ్డున, అదే రైలుమార్గముమీద, ఇంగాల్స్ అను ఊరు లేచెను. సెనేటరు జాన్ జేమ్స్ ఇంగాల్స్ పేర వెలసిన యీ యూరి వెనుక నుండిన వ్యక్తి ఆసా టి. సూల్. ఇతడు న్యూయార్క్ రాష్ట్రమందలి రాచెస్టరు నగరవాసి. హాప్ బిటర్స్ అను పేటెంటు మందు నమ్మి లక్షలు గడించినవాడు. సర్వరోగములకు నదియే మందని దేశమంతట ప్రకటనలు వేయించెను. ఒక బేస్‌బాల్ జట్టును కొని, ఆ జట్టునకే తన మందు పేరు పెట్టెను. మందు చేదని పేరులోనే ఉన్నది. అందు సారాయి యుండెను గాన చేదును ఎవరు లెక్కచేయలేదు.

ఇట్టి సూల్ కాన్సాస్ రాగానే చేసిన పని కాలువ త్రవ్వించుట. యురేకా కాలువ యని దానికి పేరు. జనులు సూల్ గారి గుంట యనిరి. ఇంగాల్స్ దగ్గఱ ఆర్కాన్సాస్ నదినుండి చీలి తూర్పుగా దాదాపు 96 మైళ్ళు పోవునట్లు ఎద్దులతోను కంచరగాడిదలతోను దానిని త్రవ్విరి. ఆ రోజులలో గడ్డినేలయం దంత కాలువ త్రవ్వుట సామాన్యమైన సాహసము కాదు. ఈ గౌరవము సూల్‌కు దక్కవలసినదే. కాని ఇసుకనేల నీటిని త్రాగివేసెను. ఎగువనున్న కొలరాడో రైతులు తమ కాలువలకు నదిని మలుపుకొనుటచే, నీరు కావలసిన వేసవిలోనే నది యడుగంటెను. (ఈ నీటి తగవే పిమ్మట కాన్సాస్ రాష్ట్రము కొలరాడో రాష్ట్రముపై వేసిన వ్యాజ్యముగా పెరిగి 1907లో అమెరికా సుప్రీము కోర్టు తీర్పునకు వచ్చెను.) కాలువలో నీరు పాఱలేదు గాన, కాలువ ప్రక్కన సూల్ కొనిన నేలలకు ధర రాలేదు. నేలకు ధర వచ్చుటకు మిగిలిన మార్గము కచేరి యొక్కటే.

1887 అక్టోబరు 31న ఓట్లు జరిగెను. అంతకు మునుపే నది కావల దక్షిణమున నున్న మాంటెజూమా యను ఊరివారును కేంద్రము తమకే కావలెనని పోటీ పడుచుండగా, సూల్ వారికి రైలుమార్గము వేయింతునని మాట యిచ్చి తన పక్షమునకు త్రిప్పుకొనెను. మాట నిలుపుకొని డాడ్జ్ సిటీనుండి మాంటెజూమాకు 26 మైళ్ళ రైలు వేయించెను కూడ. రైలెక్కువారు లేక కొన్నేండ్లకే ఆ పట్టాలు పెఱికివేయబడెను. మాంటెజూమాకు మరల రైలు రావలెనన్న 1912వఱకు ఆగవలసివచ్చెను.

సిమరాన్ వారు తక్కువవారు కారు. ఉత్తరమున ఫుట్ టౌన్‌షిప్పునకు చెందిన కొందఱు రైతులు ఒక రహస్య సంఘముగా చేరి, తమ యోట్లన్నిటిని మూటగట్టి పదివేల డాలర్లకు అమ్మజూపిరట. సంఘమునకు వారు పెట్టుకొన్న పేరు 'సమానీకరణ సంఘము'. వచ్చిన సొమ్మును సమముగా పంచుకొందుమని దాని యర్థము. ఒప్పందమును తప్పినవానికి మరణమే శిక్ష యని ప్రమాణములు కూడ చేసికొనిరని ఆ ప్రాంతపు చరిత్రకారులు వ్రాసిరి. సిమరాన్ పక్షమువారు ఆ సొమ్మునకు పూచీపత్రము వ్రాసియిచ్చిరి. ఓట్లు సిమరాన్‌కు పడెను. పిమ్మట చూడగా ఆ పత్రము చెల్లని కాగితము. మోసపోయినవారు ఎవరితో మొఱ పెట్టుకొనగలరు? ఓటమ్మితిమి, సొమ్ము రాలేదని న్యాయస్థానమున చెప్పజాలరు గదా. ఆ యెన్నికలో జరిగిన అక్రమములలో నాకు మిక్కిలి వినోదముగా తోచిన దిదియే.

ఆ సంవత్సరముననే కాన్సాస్ శాసనసభ స్త్రీలకు పురపాలక యెన్నికలలో ఓటు హక్కునిచ్చెను. ఏప్రిల్ 4న ఆర్గోనియా యను చిన్నయూర సుసన్నా సాల్టర్ మేయరుగా ఎన్నికై, అమెరికా దేశమున ఆ పదవి నందిన తొలి స్త్రీ యయ్యెను. కాని ఆ హక్కు ఊరి సరిహద్దులోనిదే. కౌంటీ కేంద్రమును నిర్ణయించు ఓటు పురుషులకే యుండెను. దానిని అమ్ముకొనినవారును వారే.

లెక్కలో సిమరాన్ గెలిచినట్లు ప్రకటింపబడెను. ఇంగాల్స్ వారు వ్యాజ్యము వేసిరి. సాక్ష్యములు, ప్రతిసాక్ష్యములు, దొంగయోట్లు, తప్పిపోయిన పెట్టెలు. వీని వివరములతో పాఠకులను విసిగింపను. మొత్తముమీద, కౌంటీ అధికారులలో కొందఱు సిమరాన్ పక్షమువారును, కొందఱు ఇంగాల్స్ పక్షమువారునుగా చీలిపోయి, ప్రతి పదవికిని ఇద్దఱేసి హక్కుదారులు బయలుదేఱిరి. అట్టివారిలో ఇంగాల్స్ పక్షమువాడైన న్యూట్ వాట్సన్ యనునతడు కౌంటీ గుమాస్తా పదవి తనదేయని నిలిచెను. పదవి యతనిదే యైనను పుస్తకములు సిమరాన్‌లో నుండెను.

ఈ పుస్తకముల విషయము కొంచెము విడమరచి చెప్పవలెను. కౌంటీలోని నేలకు మన పొలములకువలె పేర్లు లేవు. ఊడలమఱ్ఱి చేను, దేవరమాన్యము వంటివి అచ్చట వినబడవు. సంఖ్యలే పేర్లు. ఇరువదియైదవ టౌన్‌షిప్పు దక్షిణము, ఇరువదియెనిమిదవ శ్రేణి పడమర, పదునాల్గవ సెక్షను, ఆగ్నేయపు పాదము, ఎకరములు 160: ఇట్టి పంక్తి యొక్కటి ఒక కుటుంబము ఆస్తియంతయు. ఆ పంక్తి దస్తావేజుల పుస్తకమున చేవ్రాతతో ఎక్కింపబడి, అమ్మినవాని పేరు ఒక సూచికలోను కొన్నవాని పేరు మఱియొక సూచికలోను చేరినపుడే ఆ నేల యెవరిదో లోకమునకు తెలియును. తాకట్టులన్నియు అందే, కమిషనర్ల తీర్మానములు, పన్ను జాబితాలు, చీట్ల లెక్కలు, ఓటర్ల పట్టికలు అన్నియు అట్టి బరువైన చర్మపుటట్టల పుస్తకములలోనే. పూర్వము మన గ్రామములలో కరణము చంకనున్న కవిలెకట్ట యెంతటిదో, గ్రే కౌంటీకి ఈ పుస్తకము లంతటివి. కరణము ఇంట నిప్పంటుకొన్నచో ఊరి సరిహద్దులే అంటుకొన్నట్లు. భవనము లేదు, సైన్యము లేదు, పాతరాజుల పరంపర లేదు. ఆ కౌంటీ ప్రభుత్వమును చేతితో తాకవలెనన్న తాకదగినవి ఈ పుస్తకములు మాత్రమే. అవి యే యూర నుండునో ఆ యూరే కేంద్రము.

కావున ఇంగాల్స్ పక్షమువారు పుస్తకములనే తీసికొనిరా నిశ్చయించిరి. దీనికై సూల్ వేయి డాలర్లు పెట్టెనని చెప్పుకొందురు. పని చేయదగినవారు సిమరాన్‌కు ఇరువది మైళ్ళ లోపుననే, డాడ్జ్ సిటీలో, పని లేక కూర్చుండియుండిరి. 1885లో టెక్సాస్ పశువులను రాష్ట్రములోనికి రానీయరాదని శాసనము వచ్చుటతో, పశువుల మందలతో పదేండ్లు కళకళలాడిన డాడ్జ్ సిటీ వెలవెలబోయెను. అచ్చటి మాజీ మార్షళ్ళు, మాజీ డిప్యూటీలు తమకు తెలిసిన యొక్క విద్యకు గిరాకీ లేక యుండిరి. బిల్ టిల్‌మన్, జిమ్ మాస్టర్సన్, నీల్ బ్రౌన్, బెన్ డేనియల్స్ మొదలగువారిని షెరీఫునకు డిప్యూటీలుగా ప్రమాణము చేయించి, చట్టము తమవైపే యున్నట్లు కాగితములు సిద్ధపఱచిరి. ఇది గమనింపదగినది: వీరు దొంగలవలె రాత్రి రాలేదు. శనివారమునాడు, మధ్యాహ్నమునకు కొంచెము ముందు, ఊరి నడివీధిని బండి తోలుకొని వచ్చిరి. ఆ దినము 1889 జనవరి 12.

బండి కచేరి ముందాగెను. కొందఱు మెట్లెక్కి పైగదిలోనికి పోయిరి; కొందఱు తుపాకులతో బండి చుట్టును నిలిచిరి. మెట్లమీదుగా పుస్తకములు దిగుట మొదలయ్యెను. ఒక్కొక్కటి చేతులార పట్టుకొని దింపవలసిన బరువు గాన, తుపాకి పట్టిన చేయి ఆ క్షణమున దానిని విడువక తప్పదు. మొదటి మోపులు బండిలో పడువఱకు వీధిలో నెవరికిని ఏమియు తోచలేదు. అంతలో ఎవడో కేక పెట్టెను. అంగళ్ళనుండి, కిటికీలనుండి, మేడలమీదినుండి సిమరాన్ పౌరులు వేటతుపాకులతో కాల్చసాగిరి. వారు వృత్తిచే యోధులు కారు. దినుసులమ్మువారు, కమ్మరులు, రైతులు. ఐనను ఆ దినమున వీధిని తమ యిల్లుగా తలచి పోరాడిరి. డాడ్జ్ సిటీవారు తిరిగి కాల్చిరి. జె. డబ్ల్యు. ఇంగ్లీష్ అను సిమరాన్ పౌరుడు కూలెను. ఇరుపక్షములందును పలువురు గాయపడిరి. బండిని తోలువాడును దెబ్బ తినెను. అయినను గుఱ్ఱములు పరుగందుకొనెను, పుస్తకములలో అధికభాగముతో బండి ఇంగాల్స్ దారి పట్టెను. పేరుమోసిన టిల్‌మన్‌కు కలిగిన గాయము తుపాకిదెబ్బ కాదు. వెనుకకు తగ్గునపుడు నీటికాలువలో పడి చీలమండ బెణికినది.

బండి పోయెను గాని పైగదిలోని నలుగురు దిగలేకపోయిరి. గుమాస్తా వాట్సన్, జిమ్ మాస్టర్సన్, మఱి ఇద్దఱు మేడమీదనే చిక్కిరి. క్రింది యంగడినుండి పైకప్పులోనికి, అనగా వారి కాళ్ళక్రింది పలకలలోనికి, గుండ్లు కాల్చుచుండగా, ఆ నలుగురును ఇనుపపెట్టెలపై కెక్కి కూర్చుండిరని చెప్పుదురు. కొద్దిసేపటిక్రితము ఏ కచేరి సామగ్రిని ఖాళీ చేయ వచ్చిరో, ఆ సామగ్రిలో మిగిలినదే వారి ప్రాణములు కాచెను. గంటలకొలది ముట్టడి సాగినది. జిమ్ అన్నగారైన బ్యాట్ మాస్టర్సన్, తన తమ్మునికి హాని జరిగినచో రైలునిండ తుపాకులతో వచ్చి సిమరాన్‌ను నేలమట్టము చేయుదునని తంతి పంపెనని ప్రసిద్ధమైన కథ. తంతి సంగతి ఎట్లున్నను, నలుగురును తుదకు ప్రాణములతో రైలెక్కిరి. గవర్నరు మిలిషియాను పంపెను. సైనికులు వచ్చునప్పటికి వీధి నిశ్శబ్దముగా నుండెను. హత్యానేరమున అభియోగములు నడిచెను గాని ఎవరికిని శిక్ష పడలేదు.

ఈ యుద్ధమును చెప్పువారు సాధారణముగా తుపాకీ వీరులనుగూర్చి చెప్పి ముగింతురు. టిల్‌మన్ పిమ్మట ఓక్లహోమాలో ప్రఖ్యాతుడైన మార్షల్ అయ్యెను. బ్యాట్ మాస్టర్సన్ న్యూయార్కులో క్రీడావిలేఖకుడై, 1921లో వ్రాతబల్లకడనే మరణించెను. వారి జీవితములు వ్రాసిన గ్రంథములు కలవు. జె. డబ్ల్యు. ఇంగ్లీష్ జీవితము వ్రాసినవారు లేరు. నాకు అతడే జ్ఞాపకమునకు వచ్చుచుండును. ఏ పుస్తకములకొఱకు అతడు చనిపోయెనో, వానిలో అతని పేరు ఏదో యొక పుటలో సంఖ్యల పంక్తి ప్రక్కను ఉండియే యుండవచ్చును. బండి ఆఱు మైళ్ళు పోయినంత మాత్రమున అతని నేల ఒక్క అంగుళమైనను కదలలేదు.

ఇంగాల్స్ గెలిచినది. పుస్తకములు వచ్చిన యూరికి కచేరి వచ్చినది. కాని కచేరి వచ్చు వేళకు కౌంటీయే క్షీణింపసాగెను. వానలు ముఖము చాటువేసెను. తాకట్టు పెట్టినవారు నేల విడిచి తూర్పు దారి పట్టిరి. దస్తావేజుల పుస్తకమున కొనుగోళ్ళు తగ్గి, జప్తులు పెరిగెను. 1890లో సూల్ మరణించెను. కాలువ యెండెను, రైలు ఆగెను, డాడ్జ్ సిటీలో అతడు పెట్టించిన కళాశాలయు ఎంతోకాలము నిలువలేదు. 1893లో మరల ఓట్లు జరుగగా కేంద్రము సిమరాన్‌కు మరలెను. ఈసారి తుపాకి మ్రోగలేదు. కొట్లాడుటకు తగినంత జనమును లేరు. 1890 మొదలు పదేండ్లలో గ్రే కౌంటీ జనాభా దాదాపు సగమునకు తగ్గెను. సిమరాన్ నేటికిని కౌంటీ కేంద్రమే. ఇంగాల్స్ కొన్ని వందల జనముతో రైలుమార్గము ప్రక్క నున్నది. సూల్ కాలువ గట్లు అచ్చటచ్చట గడ్డి క్రింద నేటికిని గుర్తింపవచ్చును.

గ్రే కౌంటీలో కనీసము చట్టమును వాదింపదగిన చోటుండెను. న్యాయస్థాన ముండెను, జూరీ యుండెను. వచ్చే భాగమున ఇంకను దక్షిణమునకు, స్టీవెన్స్ కౌంటీకి పోవుదము. అచ్చట హ్యూగోటన్, వుడ్స్‌డేల్ అను రెండూళ్ళు కచేరికొఱకు పోరాడుచు, కాన్సాస్ సరిహద్దు దాటి, ఏ రాష్ట్రమునకును చెందని, ఏ న్యాయస్థానమునకును అధికారము లేని నేలపై కాలు పెట్టెను. 1888 జూలై 25 రాత్రి, వైల్డ్ హార్స్ సరస్సు దగ్గఱ, గడ్డికోత కూలీల యెదుట, ఆ నేలమీద షెరీఫు జాన్ క్రాస్, అతని మనుష్యులు ముగ్గురు కాల్చి చంపబడిరి. అయిదవవాడు, పందొమ్మిదేండ్ల హెర్బర్ట్ టోనీ, చచ్చినవానివలె పడియుండి బ్రదికెను.